విప్పుకునేలా కట్టిన కట్ట

వరసగా ముప్పై డాష్‌లు. పైన ఒక ఖాళీ వరస, కింద ఒక ఖాళీ వరస. మెయిలింగ్ లిస్టుల డైజెస్టులు చదివిన వాళ్లెవరికైనా ఈ గీత బాగా తెలుసు. ఒకరి మాట ఇక్కడితో అయింది, ఇంకొకరు అందుకుంటున్నారు అని దానర్థం. చూడ్డానికి లెక్కల పుస్తకంలో స్కేలు పెట్టి కొట్టిన గీతలా ఉంటుంది. ఆ గీతకు అన్నే డాష్‌లుండాలని కాగితం మీద రాసుకోవడానికి మాత్రం దాదాపు పదేళ్లు పట్టింది. ఎందుకు పట్టిందో చదివి తెలుసుకున్నాక నాకు దాని మీద గౌరవం కలిగింది. ఆ గౌరవంతోనే ఇది రాస్తున్నాను.

1971లో రే టామ్లిన్సన్ ఒకే గదిలో పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్ల మధ్య, ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీదుగా, మొదటి ఈమెయిల్ పంపాడు. మనిషి పేరుకీ యంత్రం పేరుకీ మధ్య 'ఎట్' గుర్తు పెట్టింది ఆయనే. నాలుగేళ్లు తిరిగేసరికి, 1975 జూన్‌లో, అమెరికా రక్షణశాఖ పరిశోధన విభాగంలో పనిచేసే స్టీవ్ వాకర్ 'ఎంఎస్‌జీ గ్రూప్' అనే చర్చను మొదలుపెట్టాడు. ఒక చిరునామాకు రాస్తే చేరినవాళ్లందరికీ అందుతుంది. దాని బాగోగులు చూసిన మనిషి ఐనార్ స్టెఫరూడ్. కొత్తగా చేరేవాళ్ల పేర్లు జాబితాలో చేత్తో కలిపేవాడు. ఈయన పేరు గుర్తుంచుకోండి, పదేళ్ల తర్వాత మళ్లీ వస్తాడు. ఆ గుంపులో ఎక్కువగా మాట్లాడుకున్నది ఈమెయిల్ గురించే. ఉత్తరం పైభాగంలో ఏమేం ఉండాలి, జవాబు ఎవరికి పోవాలి, ఇవే వాదనలు.

చిక్కు వచ్చింది చిన్న గుంపుల్లో కాదు. 1970ల చివర ఎంఐటీ యంత్రాల మీద 'హ్యూమన్-నెట్స్', 'ఎస్ఎఫ్-లవర్స్' అనే లిస్టులు నడిచేవి. మొదటిది కంప్యూటర్లతో ముడిపడిన ప్రపంచం రేపు ఎలా ఉంటుందన్న చర్చ, రెండోది సైన్స్ ఫిక్షన్ అభిమానులది. మాట్లాడుకోవడానికి ఇష్టమైన విషయం దొరికితే మనుషులు ఆగరు కదా. రోజుకు డజన్ల కొద్దీ ఉత్తరాలు, చదివేవాళ్లు వందల్లో. ఆ రోజుల్లో మెయిల్ ఫైళ్లు పంపే పద్ధతి మీదే, అంటే ఎఫ్‌టీపీ మీదే, ఎక్కి వెళ్లేది. అవతలి యంత్రం మీద పదిమంది సభ్యులుంటే అదే ఉత్తరం పది ప్రతులుగా, ఒకదాని వెనక ఒకటి, అదే తీగ మీద పోవాలి. పోస్ట్‌మాన్ ఒకే ఇంటికి పదిసార్లు వచ్చి పదిసార్లు తలుపు కొట్టినట్టు. పగటిపూట పరిశోధకులకు కావాల్సిన యంత్రాలు ఈ పంపకాలతోనే రొప్పేవి.

అందుకు దొరికిన ఉపాయం చాలా పాతది. రోజంతా వచ్చిన ఉత్తరాలను ఒకరు కూర్చుని చూసి, ఒకే విషయం మీద ఉన్నవి పక్కపక్కన చేర్చి, పైన 'ఈ రోజు విషయాలు' అని చిన్న జాబితా పెట్టి, సంపుటి, సంచిక నంబర్లు వేసి, రద్దీ తగ్గాక ఒకే ఉత్తరంగా పంపడం. పత్రిక సంపాదకుడు చేసే పనే ఇది. అందుకే దానికి డైజెస్ట్ అనే పత్రికల పేరే వచ్చింది. 1980 నాటికి ఎస్ఎఫ్-లవర్స్ డైజెస్టుగానే వెళ్లేది. 1981 ఆగస్టులో జాన్ సాలమన్ హ్యూమన్-నెట్స్ నుంచి టెలిఫోన్ల చర్చను విడదీసి 'టెలికామ్ డైజెస్ట్' మొదలుపెట్టాడు. 1985 ఆగస్టు 1న పీటర్ న్యూమన్ కంప్యూటర్ల వల్ల జరిగే ప్రమాదాల మీద 'రిస్క్స్ డైజెస్ట్' తొలి సంచిక తెచ్చాడు. 'ఈ రోజు విషయాలు' అనే ఆ శీర్షిక ఇప్పటికీ ఇంగ్లీషులో అదే రెండు మాటలతో డైజెస్టుల నెత్తిన కనిపిస్తుంది. కంప్యూటర్ లోకంలో నలభై ఏళ్లు దాటి మారని మాటలు తక్కువ.

పంపేవాళ్ల భారం తీరింది. చదివేవాళ్ల భారం అప్పుడే మొదలైంది.

మా ఇంట్లో ఉత్తరాలు తీగకు గుచ్చేవాళ్లు. కింద చెక్క బిళ్ల, పైన వంచిన కొక్కెం, దూలానికి కొట్టిన మేకుకు వేలాడుతూ ఉండేది. కార్డులూ ఇన్లాండ్ కవర్లూ కరెంటు బిల్లులూ అన్నీ అందులోనే, వచ్చిన వరసలో. భద్రంగా ఉండేవి, పోయేవి కావు. కానీ నిరుడు పెద్దమ్మ రాసిన ఉత్తరం కావాలంటే పైనున్నవన్నీ తీసి, దాన్ని లాగి, మళ్లీ అన్నీ గుచ్చాలి. మధ్యలోది ఒక్కటి తీసుకునే వీలు తీగకు లేదు. మొదటి డైజెస్టులు ఈ తీగ లాంటివే. ఇరవై ఉత్తరాలు కలిసి ఒకే పొడుగాటి పాఠం. ఏడో ఉత్తరానికి జవాబు రాద్దామని మీట నొక్కితే జవాబు మొత్తం కట్టకు పోతుంది. పద్నాలుగోది దాచుకుందామంటే ఇరవయ్యీ దాచుకోవాలి. వద్దనుకున్నది తీసేద్దామంటే అన్నీ పోతాయి.

అప్పుడు ఈ కథలో రెండో సగం వాళ్లు వచ్చారు. చదివే ప్రోగ్రాములు రాసేవాళ్లు.

శాంటా మోనికాలోని ర్యాండ్ సంస్థలో బ్రూస్ బోర్డెన్ మొదలుపెట్టిన 'ఎంహెచ్' అనే మెయిల్ ప్రోగ్రాం నాకు చాలా ఇష్టమైనది. దానిలో ప్రతి ఉత్తరమూ ఒక విడి ఫైలు. ఒక ఫోల్డర్‌లో 1, 2, 3 అని పేర్లతో పడి ఉంటాయి. తర్వాత అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు దాన్ని పెంచి పెద్ద చేశారు. అందులో 'బరస్ట్' అని ఒక ఆదేశం ఉంది, పగలగొట్టు అని. డైజెస్టు మీద దాన్ని ప్రయోగిస్తే కట్ట విచ్చుకుని లోపలి ఉత్తరాలన్నీ వేటికవి ఫైళ్లయి కూర్చుంటాయి. 'ఉన్నచోటే' అని ఒక చిన్న సూచన జతచేస్తే ఇంకా ముచ్చటగా ఉంటుంది. నలభయ్యో నంబరు డైజెస్టు అనుకోండి, దాని స్థానంలో విషయసూచిక ఒక్కటే మిగులుతుంది, 41 నుంచి లోపలి ఉత్తరాలు వరసగా దిగుతాయి, అసలు 41గా ఉన్నది ఇంకా కిందికి జరుగుతుంది. బస్సులో పెద్దావిడ పిల్లలతో ఎక్కితే అందరూ తలా కాస్త జరిగి చోటిచ్చినట్టు. ఆ తర్వాత ఏ ఉత్తరానికైనా నేరుగా జవాబు రాయొచ్చు. ఈమాక్స్‌లోని ఆర్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాంకు కూడా ఇదే పని చేసే ఆదేశం వచ్చింది. దాని పేరుకు అర్థం 'డైజెస్టును డైజెస్టు కాకుండా చేయి' అని.

పగలగొట్టాలంటే ముందు ఎక్కడ పగలాలో తెలియాలి. అసలు పేచీ అక్కడే. మనిషి కంటికి ఒక డాష్‌ల గీత చూడగానే అర్థమవుతుంది. యంత్రానికి కాదు. ఉత్తరం చివర గీత గీసి కింద పేరు రాసుకునే అలవాటు ఎంతమందికి ఉంటుంది! ఆ గీతను కూడా సరిహద్దు అనుకుని ప్రోగ్రాం అక్కడ కత్తి వేస్తే, ఉత్తరం ఒక ఫైలు, పాపం ఆ మనిషి పేరు ఒక్కటే ఇంకో ఉత్తరం. పైగా ఒక్కో సంపాదకుడు ఒక్కో పొడుగు గీత వాడేవాడు.

1985 జనవరిలో మార్షల్ రోజ్, ఇందాక చెప్పిన ఐనార్ స్టెఫరూడ్ కలిసి దీనికి ఒక నియమం రాశారు. ఇంటర్నెట్ నియమపత్రాల్లో దాని నంబరు 934. డాష్‌తో మొదలై, డాష్ తర్వాత ఖాళీ లేని వరస ఏదైనా సరిహద్దే. మరి ఉత్తరంలోనే అలాంటి వరస ఉంటే? కట్టేవాళ్లు దాని ముందు ఒక డాష్, ఒక ఖాళీ చేర్చాలి. విప్పేవాళ్లు ఆ రెంటినీ తీసేయాలి. అంతే. వడ్లలో రాయి పడితే దానికి పసుపు బొట్టు పెట్టి పంపి, అవతల బొట్టు చూసి ఏరుకోమన్నట్టు. కట్టలో కట్ట, దానిలో ఇంకో కట్ట ఉన్నా ఈ నియమం తప్పదు. ఒక్కో పొరకూ ఒక్కో డాష్ చేరుతుంది, ఒక్కో పొరా విప్పినకొద్దీ ఒక్కోటి రాలుతుంది.

ఈ చిన్న పద్ధతి ఎంత దూరం ప్రయాణించిందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. మెయిల్‌కు రహస్య లిపి, సంతకం జతచేసే ఏర్పాట్లు రూపొందించినవాళ్లు ఈ 934 పద్ధతినే తీసుకున్నారు. ఈ రోజు వెబ్‌సైట్ల భద్రతా సర్టిఫికెట్ ఫైలు తెరిస్తే మొదటి వరసలో ఐదు డాష్‌లు, 'ఇక్కడ మొదలు' అనే మాట, మళ్లీ ఐదు డాష్‌లు ఉంటాయి. ఆ డాష్‌ల ముత్తాతలు డైజెస్టు గీతలే. సర్వర్ల పని చేసే పిల్లలు రోజూ ఆ వరసను కాపీ చేసి అతికిస్తుంటారు.

డైజెస్టు సంపాదకులు మాత్రం 934ను పూర్తిగా పట్టుకోలేదు. వాళ్లు తమ అలవాటునే సాగించారు. ఆ అలవాటును చివరికి 1990 ఏప్రిల్‌లో ఫ్రాంక్ వాంకో కాగితం మీద పెట్టాడు. నంబరు 1153. ఆయన న్యూమెక్సికోలో వైట్ సాండ్స్ క్షిపణి ప్రయోగ కేంద్రంలో ఉండేవాడు. అప్పట్లో లోకమంతా ప్రోగ్రాములు దింపుకున్న సిమ్‌టెల్ భాండాగారం ఉన్నది కూడా అక్కడే. ఆయన రాసింది ఇది: ముందు విషయసూచిక, దాని కింద 70 డాష్‌లు. ఆపైన ఉత్తరానికీ ఉత్తరానికీ మధ్య కచ్చితంగా 30 డాష్‌లు, పైనా కిందా ఖాళీ వరస. చివర 'ఫలానా డైజెస్టు సమాప్తం' అనే వరస, దాని కింద నక్షత్ర గుర్తుల గీత. ఒక్కో ఉత్తరం నెత్తిన తేదీ, ఎవరి నుంచి, విషయం, ఆ ఉత్తరానికున్న ప్రత్యేక గుర్తింపు సంఖ్య లాంటివి మాత్రమే ఉంచి, దారిలో అంటిన మిగతా ముద్రలన్నీ తీసేయాలి. మనిషి పైనుంచి కిందికి చదువుకుంటూ పోవచ్చు, యంత్రం కూడా ఖాయంగా పగలగొట్టవచ్చు. రెండూ ఒకే పాఠంలో. కొత్తగా ఏదీ కనిపెట్టకుండా, అప్పటికే నడుస్తున్న దాన్ని సరిగ్గా లెక్కపెట్టి రాసిన పత్రం అది. అలాంటి పనికి మెచ్చుకోళ్లు తక్కువ వస్తాయి. నా లెక్కలో అదీ ఒక ఆవిష్కరణే.

తర్వాత రెండేళ్లకే గాలి మళ్లింది. 1992 జూన్‌లో నథానియెల్ బోరెన్‌స్టీన్, నెడ్ ఫ్రీడ్ 'మైమ్' పద్ధతిని ప్రకటించారు. ఈమెయిల్‌లో ఫొటోలు, పాటలు, ఇంగ్లీషు కాని లిపులు వెళ్లగలగడం దాని చలవే. అదే ఏడాది మార్చిలో బోరెన్‌స్టీన్ తానూ స్నేహితులూ కలిసి పాడే నలుగురి బృందం ఫొటోను, వాళ్ల పాటను జతచేసి పంపిన మెయిల్ గురించి అందరూ చెప్పుకుంటారు. డైజెస్టుల కోసం అదే పత్రంలో ఒక ప్రత్యేక రకం ఉందన్న సంగతి తక్కువమందికి తెలుసు. ఎన్నో ముక్కలున్న మెయిల్‌లో 'ఈ ముక్క ఏమిటి' అని చెప్పకపోతే మామూలుగా దాన్ని సాదా పాఠం అనుకోవాలి. డైజెస్టు రకంలో మాత్రం, చెప్పకపోతే అది ఒక పూర్తి ఉత్తరం అనుకోవాలి. మారింది ఆ ఒక్క మాటే. ఆ ఒక్క మాటతో డైజెస్టు తీగకు గుచ్చిన కాగితాల దొంతర కాకుండా పోయి, విడి కవర్లు పెట్టిన సంచీ అయింది. సరిహద్దు గీత ఎలా ఉంటుందో ఉత్తరం పైభాగంలోనే ముందుగా చెప్పేస్తారు, లోపల ఎక్కడా లేని అక్షరాల వరసను ఏరి మరీ. ఊహించే పని లేదు, పగలగొట్టే పని అంతకన్నా లేదు. ఆ సరిహద్దు మొదట రెండు డాష్‌లు ఎందుకున్నాయంటే, 934 పద్ధతితో కాస్త పొత్తు కుదరాలని. ఆ సంగతి వాళ్లే పత్రంలో రాశారు.

ఈ మార్పు మన భాషకు ఎంత మేలు చేసిందో నాకు ఒక మాట దగ్గర తెలిసివచ్చింది.

1990లలో నెట్‌లో తెలుగువాళ్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే రాసుకునేవారు. యూజ్‌నెట్‌లో తెలుగు సంస్కృతికి ఒక వేదిక ఉండేది, తర్వాత ఈమెయిల్ లిస్టులు వచ్చాయి, యాహూ గ్రూపుల్లో 'రచ్చబండ' వచ్చింది. యాహూ ఆ గ్రూపుల సేవను 2020 డిసెంబరు 15న మూసేసింది. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ తయారుచేసిన ఆర్‌టీఎస్ పద్ధతి అప్పటి మనవాళ్లకు వేళ్ల మీద ఉండేది. చిన్న 'టీ' కొడితే త, పెద్ద 'టీ' కొడితే ట. కంటికి వింతగా ఉన్నా అవి మామూలు ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఎంత పాత డైజెస్టులోనైనా చెక్కుచెదరకుండా ప్రయాణించేవి. యూనికోడ్ వచ్చి అసలు తెలుగు లిపిలో రాయడం మొదలయ్యాక డైజెస్టులు తడబడ్డాయి. సాదా డైజెస్టు అంటే అందరి ఉత్తరాలూ ఒకే పాఠంగా అతకడం కదా. ఒకరు తెలుగులో, ఒకరు ఫ్రెంచిలో, ఒకరు ఉత్త ఇంగ్లీషులో రాస్తే అన్నిటినీ ఒకే అక్షర సంకేతంలోకి దించాలి. లిస్టు అమరిక ఇంగ్లీషుకే ఉంటే మిగతావన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

నేనున్న ఒక లిస్టులో ఒకాయన పల్లె మాటలు పోగుచేసేవాడు. ఓ రోజు డైజెస్టులో ఆయన ఉత్తరం ఇలా ఉంది: వడ్లు పోసుకునే దాన్ని మీ వైపు గాదె అంటారా, లేక ఆరు ప్రశ్నార్థకాలు అంటారా? ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన వాక్యం మధ్యలో ఆ ఒక్క మాటే తెలుగు లిపిలో రాశాడు. సరిగ్గా ఆ మాటే పోయింది. ఆరు గుర్తులున్నాయంటే ఆరక్షరాల మాట అనుకుని చాలాసేపు తల బద్దలు కొట్టుకున్నాను. వడ్లు పోసుకునే వాటిలో ఆరక్షరాల పేరేముంది?

అప్పుడు సెట్టింగు మార్చుకున్నాను. ఆ లిస్టు నడిచేది మెయిల్‌మాన్ మీద. జాన్ వీగా మొదలుపెట్టగా గ్నూ ప్రాజెక్టులో పెరిగిన ఈ ప్రోగ్రాం చేసిన మంచి పని ఒకటుంది. సాదా డైజెస్టు కావాలా, మైమ్ డైజెస్టు కావాలా అన్నది లిస్టు మొత్తానికి ఒకటే తీర్పు కాకుండా ప్రతి సభ్యుడి ఇష్టానికి వదిలింది. మామూలుగా పోగు 30 కిలోబైట్లు దాటితే కట్టి పంపేస్తుంది, దాటకపోతే రోజుకోసారి మధ్యాహ్నం పన్నెండుకు. కట్ట ఏ రూపంలో రావాలో మాత్రం మీరే చెప్పుకోవాలి. ఎందుకంటే ఏ ప్రోగ్రాంలో చదువుతారో మీకే తెలుసు. గ్నస్ అనే ప్రోగ్రాంలో అయితే డైజెస్టు మీద కంట్రోల్-డి నొక్కితే అది ఒక చిన్న గ్రూపులా తెరుచుకుంటుంది, ఏ రూపంలో కట్టినా అదే పోల్చుకుంటుంది. మట్‌లో 'వి' నొక్కితే లోపలి ఉత్తరాలు జాబితాగా వస్తాయి. కొన్ని ప్రోగ్రాములు మైమ్ డైజెస్టును చూసి ఇరవై అటాచ్‌మెంట్లు వచ్చాయంటాయి, ఒక్కోటీ విడిగా నొక్కాలి. కొన్ని ఫోన్ యాప్‌లలో పైనున్న సూచిక తప్ప ఏమీ కనపడదు. అలాంటప్పుడు సాదాదే హాయి, వేలితో జరుపుకుంటూ చదువుకోవచ్చు. ఇంకో దారి కూడా ఉంది. ప్రోక్‌మెయిల్‌తో వచ్చే 'ఫార్‌మెయిల్' అనే పనిముట్టు డైజెస్టును మెయిల్‌బాక్స్‌లోకి రాకముందే గుమ్మంలోనే విప్పేస్తుంది. ముందున్న సూచికను వదిలేసి మిగతావి విడివిడిగా లోపలికి పంపమని చెప్పే వీలు కూడా ఉంది. ఇక మీ ప్రోగ్రాం ఏదైనా పర్వాలేదు, దానికి అవి మామూలు ఉత్తరాలే.

జవాబుల సంగతి కూడా చెప్పాలి. సాదా డైజెస్టుకు జవాబు కొడితే విషయం దగ్గర 'ఫలానా డైజెస్టు, సంపుటి 12, సంచిక 7' అని పోతుంది, ఏ ఉత్తరం మీద మాట్లాడుతున్నామో ఎవరికీ తెలియదు. విషయం మార్చి రాయండని మెయిల్‌మాన్ ప్రతి సాదా డైజెస్టు పైనా బతిమాలుతుంది. విషయం మార్చినా చర్చ దారం తెగే ఉంటుంది, ఎందుకంటే జవాబు ఏ ఉత్తరానిదో చెప్పేది దాని గుర్తింపు సంఖ్య. విడిగా తెరిచిన ఉత్తరంలోనైతే ఆ సంఖ్య చెక్కుచెదరకుండా ఉంటుంది.

నేను మైమ్‌కు మారిన రోజు పాత కట్ట మళ్లీ రాలేదు. మర్నాటి డైజెస్టులో ఎవరో ఆయన ప్రశ్నను కింద ఉంచి జవాబు రాశారు. ఆ ఉత్తరాన్ని విడిగా తెరిచాను. తెరమీద తెలుగులో ఉంది: గుమ్మి. రెండే అక్షరాలు. గ, దాని ఉకారం, మ, పొల్లు, మళ్లీ మ, దాని గుడి. యంత్రం లెక్కలో ఆరు. మా అమ్మమ్మగారింట్లో వెదురు తడికతో అల్లి పేడతో అలికిన గుమ్మి నా ఎత్తుకు రెండింతలు ఉండేది, వడ్లు తీయడానికి కింద చిన్న రంధ్రం, దానికి గుడ్డ కుక్కేవారు. జవాబు మీట నొక్కాను. విషయం దగ్గర ఆయన పెట్టిన శీర్షికే వచ్చింది. 'మా వైపు గుమ్మి అనే అంటామండీ' అని మొదలుపెట్టి ఆ గుడ్డ సంగతి దాకా రాశాను.